నోరోవైరస్ వీఎల్‌పీకి పీబీఎంసీల స్పందన: టీఎన్‌ఎఫ్ ఎక్కువ, ఇంటర్ఫెరాన్ గామా శూన్యం

ప్రశ్న: బాక్యులోవైరస్ (పురుగులకు సోకే వైరస్) పద్ధతిలో ఎస్ఎఫ్9 అనే పురుగు కణాల్లో తయారైన, నోరోవైరస్ జీ2.4 రకపు వీఎల్‌పీని (వైరస్ జన్యువులు లేని, వైరస్‌లాంటి ప్రోటీన్ గుల్ల) పీబీఎంసీలకు (రక్తంలోని ఏకకేంద్రక తెల్లకణాలు) మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తున్నాం. 6 గంటలకే టీఎన్‌ఎఫ్ (వాపు పుట్టించే సంకేత ప్రోటీన్) బాగా వస్తోంది. అదే 6 గంటల ఐసీఎస్‌లో (కణం లోపలి సంకేత ప్రోటీన్లకు రంగు వేసి చూసే పరీక్ష) టీ కణాలు విడుదల చేసే ఇంటర్ఫెరాన్ గామా మాత్రం కనబడదు. బ్రెఫెల్డిన్ (ప్రోటీన్లు కణం బయటికి పోకుండా ఆపే మందు) వీఎల్‌పీతో పాటే కలుపుతున్నాం.

జవాబు 1: ఇవి రెండు వేర్వేరు సమస్యలండి. ముందు టీఎన్‌ఎఫ్ సంగతి. మోనోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) పికోగ్రాముల్లో ఉన్న ఎండోటాక్సిన్‌కే (బ్యాక్టీరియా గోడలోని విషపదార్థం) రెచ్చిపోతాయి కాబట్టి దాన్ని కొలిచే ఎల్‌ఏఎల్ పరీక్ష తప్పనిసరి. ఎండోటాక్సిన్‌ను పట్టి ఆపే పాలీమిక్సిన్ బీతో ఒక బావి (ప్లేటులోని గుంట), 95 డిగ్రీల వద్ద 15 నిమిషాలు మరిగించిన వీఎల్‌పీతో ఒక బావి పెట్టండి. మరిగించినా టీఎన్‌ఎఫ్ తగ్గకపోతే ఎండోటాక్సిన్‌నే ముందు అనుమానించాలి. అయితే ఈ రెండూ చాలవు. మిగిలిపోయిన బాక్యులోవైరస్ డీఎన్‌ఏ కూడా టీఎల్‌ఆర్9 (పరాయి డీఎన్‌ఏను పసిగట్టే గ్రాహకం) ద్వారా ప్లాస్మాసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలను లేపుతుంది, దాన్ని పాలీమిక్సిన్ ఆపలేదు. వీపీ1 (వీఎల్‌పీ గుల్లను కట్టే ప్రోటీన్) జన్యువు లేని బాక్యులోవైరస్ సోకిన ఎస్ఎఫ్9 ద్రవాన్ని అదే సాంద్రత గ్రేడియంట్‌లో, అదే పొరలో శుద్ధి చేసి కంట్రోల్‌గా వాడండి. నా దృష్టిలో అసలు తీర్పు చెప్పేది అదే.

ఇక ఇంటర్ఫెరాన్. వీఎల్‌పీని కణం మింగి, ముక్కలు చేసి, ఎంహెచ్‌సీ-2 (టీ కణాలకు ఆ ముక్కల్ని చూపే ప్రోటీన్) మీద ఉపరితలానికి తేవాలి. బ్రెఫెల్డిన్ మొదటే పడితే ఆ రవాణాయే ఆగుతుంది. మొత్తం 16–18 గంటలు ఉంచి, చివరి 5–6 గంటలకే కలపండి. ఎలిస్పాట్ (ఇంటర్ఫెరాన్ విడుదల చేసే కణాలను చుక్కలుగా లెక్కించే పరీక్ష) అయితే బావికి 2 లక్షల కణాలు, 36–48 గంటలు.

జవాబు 2: సీడీ8 టీ కణాల (సోకిన కణాలను చంపేవి) స్పందన కావాలంటే వీఎల్‌పీ మీదే ఆధారపడకండి, బయటి ప్రోటీన్ క్రాస్ ప్రెజెంటేషన్ (మింగిన ప్రోటీన్ ముక్కల్ని ఎంహెచ్‌సీ-1 మీద చూపడం) దారిలోనే వాటికి చేరాలి. వీపీ1 మొత్తాన్ని కప్పేలా, పక్కపక్క ముక్కల్లో 11 అమైనో ఆమ్లాలు ఉమ్మడిగా ఉండేలా చేసిన 15-మెర్ (15 అమైనో ఆమ్లాల) పెప్టైడ్ పూల్‌తో కూడా ఒక పరీక్ష పక్కనే పెట్టండి. ఒక జాగ్రత్త: మరిగించిన కంట్రోల్ మోనోసైట్ల ప్రశ్నకే పనికొస్తుంది. టీ కణాలు చూసేది ముక్కల్ని, ఆకారాన్ని కాదు. మరిగించాక కూడా ఇంటర్ఫెరాన్ రావచ్చు.

ప్రశ్న: వీఎల్‌పీ చెడిపోయిందేమో ఎలా తెలుస్తుంది?

జవాబు 2: నెగెటివ్ స్టెయిన్‌తో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో 40 నానోమీటర్ల దరిదాపుల్లో గుండ్రంగా కనిపించాలి, ఒక్కోదానిలో 180 వీపీ1లు. పీహెచ్ 8 దాటితే విడిపోతుంది, పదేపదే గడ్డకట్టించి కరిగించినా అంతే. సోడియం అజైడ్ (చెడిపోకుండా కలిపే విషం) కలిపిన స్టాక్ అయితే డయాలిసిస్ (పొర ద్వారా దాన్ని తొలగించడం) చేయకుండా కణాల మీద వేయకండి, అవి చచ్చిపోతాయి.

జవాబు 1: ఇంకొకటి. పెద్దవాళ్లలో దాదాపు అందరికీ పాత ఇన్‌ఫెక్షన్ల జ్ఞాపక టీ కణాలుంటాయి. వచ్చిన ఇంటర్ఫెరాన్‌ను వీఎల్‌పీ కొత్తగా పుట్టించిందని రాయకండి. కొత్త స్పందనే చూడాలంటే ఇలాంటి జ్ఞాపకం లేని, బొడ్డుతాడు రక్తంలోని టీ కణాలను వాడండి.