ప్రొటీన్ నమూనా మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపే ముందు ఏమి చూసుకోవాలి? (బెంగళూరు)

హెబ్బాళ_పరిశోధకి:
కణాల ప్రొటీన్లలో ఫాస్ఫేట్ ఎక్కడెక్కడ చేరిందో మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల బరువును కొలిచే పద్ధతి) తెలుసుకోవాలి. నమూనాను ఇక్కడే ఒక కేంద్రానికి వచ్చే వారం ఇస్తున్నాను. కణాలను పగలగొట్టే బఫర్‌లో ట్రైటాన్ అనే డిటర్జెంట్ ఉంది. అలాగే ఇవ్వవచ్చా అండీ?

గోదావరి_గట్టు:
వద్దండీ! ట్రైటాన్ ఉంటే 44 డాల్టన్ల (అణువుల బరువుకు కొలమానం) ఎడంతో వరుసగా పీక్‌లు లేస్తాయి, వాటి మధ్య మీ పెప్టైడ్లు (ప్రొటీన్ ముక్కలు) కనిపించవు. పైగా పెప్టైడ్లను వేరుచేసే గొట్టం, అంటే కాలమ్‌ను పట్టుకుని తర్వాతి వాళ్ల నమూనాలనూ పాడు చేస్తుంది. నేను 8 మోలార్ యూరియా వాడతాను. అయితే యూరియాలో ఉన్న నమూనాను 37 డిగ్రీలకు మించి వేడి చేయకండి. దాని నుంచి పుట్టే సయనేట్ లైసిన్ అనే అమైనో ఆమ్లం మీద చేరి 43 డాల్టన్లు పెంచుతుంది, ఇక ప్రొటీన్లను ముక్కలు చేసే ట్రిప్సిన్ ఎంజైము అక్కడ కోయలేదు. ట్రిప్సిన్ వేసే ముందు యూరియాను బాగా పలుచన చేయండి.

మల్లేశ్వరం_మావయ్య:
కెరాటిన్ సంగతి ఎవరూ చెప్పలేదే! మన చర్మం, వెంట్రుకలు, గదిలోని దుమ్ము అన్నిటిలోనూ ఆ ప్రొటీన్ ఉంటుంది. ఈ ఊరి డిసెంబరు చలికి ఉన్ని స్వెటర్ వేసుకుని జెల్ ముక్కలు కోస్తే ఫలితాల్లో గొర్రె కెరాటిన్ కూడా దిగుతుంది. చేతి తొడుగులు తరచూ మార్చాలమ్మా.

గోదావరి_గట్టు:
నిజమే. మీ పనికి అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి: ఫాస్ఫటేజ్ నిరోధకాలు కణాలు పగిలే ముందే బఫర్‌లో ఉండాలి. ఆలస్యమైతే ఫాస్ఫటేజ్ ఎంజైములు ఫాస్ఫేట్‌ను తీసేస్తాయి, పోయినదాన్ని ఏ యంత్రమూ చూపలేదు. ట్రిప్సిన్ తర్వాత టైటానియం డయాక్సైడ్‌తో ఫాస్ఫోపెప్టైడ్లను వేరు చేయండి, లేకపోతే మామూలు పెప్టైడ్ల రద్దీలో అవి మరుగునపడతాయి.

హెబ్బాళ_పరిశోధకి:
ఫలితాల జాబితా వచ్చాక దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

కోరమంగళ_గణకుడు:
తప్పుడు గుర్తింపుల రేటు 1 శాతం దగ్గర కత్తిరించారా అని ముందు అడగండి. మన ఊరి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కలిసి 2014లో నేచర్‌లో ప్రచురించిన మానవ ప్రొటీయోమ్ (మనిషి శరీరంలోని ప్రొటీన్లన్నీ) ముసాయిదా పటంలో 17,294 జన్యువుల ప్రొటీన్లు ఉన్నాయి. అది గర్వించదగ్గ పని. అయినా వాసన గ్రాహకాల వంటి కొన్ని గుర్తింపులపై ఇతర శాస్త్రవేత్తలు ప్రశ్నలు లేవనెత్తారు. అంత పెద్ద పనికే ఆ పరీక్ష తప్పలేదు కాబట్టి మీ జాబితాను కూడా అలాగే నిలదీయండి. ఫాస్ఫేట్ చేరితే 79.966 డాల్టన్లు పెరుగుతాయి, సల్ఫేట్ చేరితే 79.957. ఆ తేడా పట్టగల ఖచ్చితత్వం యంత్రానికి ఉండాలి. ఫాస్ఫేట్ చేరగల సెరిన్ అనే అమైనో ఆమ్లాలు పక్కపక్కనే రెండు ఉంటే ఫాస్ఫేట్ దేని మీద ఉందో సంభావ్యతతో సహా ఇవ్వమనండి.

హెబ్బాళ_పరిశోధకి:
ధన్యవాదాలండీ. ట్రైటాన్ మానేసి యూరియాతో కొత్తగా తయారు చేస్తాను. నమూనా ఇచ్చేటప్పుడే సంభావ్యతల పట్టిక కావాలని రాసి ఇస్తాను.