సంక్రాంతి సభ కోసం యెజ్డీ బండి బాగుచేత: పని క్రమం, డబ్బు సంగతి, ఎవరెవరు ఏం చూడాలి

నల్లగొండ, పాలమూరులలో ఉన్న క్లబ్బు సభ్యులకూ, బ్రిటన్‌లో సంక్రాంతి సభ ఏర్పాట్లు చూస్తున్న అన్నలకూ అక్కలకూ నమస్కారం.

హాలియా దగ్గరి ఊరి నుంచి యెజ్డీ మోటార్‌సైకిల్ మొన్న ట్రాలీలో మన నల్లగొండ షెడ్డుకు చేరింది. 1974లో రిజిస్టరైన 250 సీసీ బండి ఇది. ముప్పై ఏళ్లకు పైగా దీని మీదే బడికి వెళ్లివచ్చిన మాస్టారు ఆర్‌సీ పుస్తకంతో సహా దీన్ని మనకు అప్పగిస్తూ, ఆ చప్పుడు మళ్లీ వినిపిస్తే చాలన్నారు. ట్యాంకు అడుగున తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి, సీటును ఎలుకలు కొరికేశాయి, రెండు సైలెన్సర్లలో ఒకటి లేదు. అయినా ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఆర్‌సీతో సరిపోయాయి. ఇన్నేళ్లు పశువుల కొట్టంలో పడి ఉన్న బండి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

సభలో ఫొటోలు చూపించాలి కాబట్టి ముందు పెయింటు, క్రోమ్ పూత పని చేయిద్దామని కొందరు ఫోనులో అన్నారు. వారి తొందర నాకు అర్థమైంది గాని, ఆ క్రమానికి నేను ఒప్పుకోలేను. ఇది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోలు, ఆయిలు, గాలి కలిసిన మిశ్రమం, ఇంజను అడుగున క్రాంక్ తిరిగే గది గుండానే సిలిండరులోకి పోతుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బండిలో ఆ గదిలోకి గాలి రాకుండా ఆపే క్రాంక్ ఆయిల్ సీళ్లు గట్టిపడి ఉంటాయి, వాటి పక్క నుంచి గాలి చొరబడితే మిశ్రమం పలుచనై, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. మెరిసే బండిని నాలుగు కిలోమీటర్లు నడిపి, ఇంజను మళ్లీ విప్పవలసి వస్తే కొత్త పెయింటంతా గీతలు పడుతుంది. కాబట్టి ముందు ఇంజను, తరువాత చక్రాలూ బ్రేకులూ వైరింగూ, చివర పెయింటు. పైగా ముసురు పట్టిన రోజుల్లో పెయింటు కొడితే తేమకు పూత తెల్లబారుతుంది. దసరా దాటాక కొట్టించడమే మంచిది.

ట్యాంకు వెల్డింగు చేయించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. పైపులు, వాషర్లు, ట్యాంకు లోపలి పూత మూడూ ఇథనాల్‌ను తట్టుకునేవే కొనాలి. ఆయిలు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల చొప్పున కలిపి మొదలుపెడదాం.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, అల్లాయ్ చక్రాలు పెడదామన్న పాలమూరు తమ్ముళ్లకు నా మనవి ఒకటే. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండినే వింటేజ్ వాహనంగా నమోదు చేస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, పాత నంబరును అలాగే ఉంచుకోవచ్చు. అయితే ఆ తరువాత బండిని రోజూ తిప్పడానికి వీలుండదు. ప్రదర్శనలకూ, వింటేజ్ ర్యాలీలకూ, పెట్రోలుకూ, రిపేరుకూ మాత్రమే రోడ్డెక్కించాలి. మనకు కావలసింది అంతే కాబట్టి ఇగ్నిషన్ పాయింట్లు, కండెన్సరు, స్పోకు చక్రాలు పాతవే బాగుచేసుకుందాం. ఇంజను, ఛాసిస్ నంబర్లు కొట్టిన చోట శాండ్‌బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి తుప్పు రాల్చడం) ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించవద్దు.

డబ్బు సంగతి అందరూ శ్రద్ధగా చదవాలి. బ్రిటన్ సంఘం ఖాతా నుంచి మన క్లబ్బు ఖాతాకు పైసా కూడా పంపవద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద మన క్లబ్బుకు నమోదు లేదు కాబట్టి విదేశీ విరాళం తీసుకోలేం. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. కాని అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, విదేశీ పౌరులైన మనవాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. మనవాళ్లే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

సభ కోసం బండిని ఓడలో బ్రిటన్‌కు పంపించే ఆలోచనను విరమించుకుందామని నా అభిప్రాయం. చెక్క పెట్టె, రెండు చోట్ల కస్టమ్స్, తిరిగి తెప్పించడం ఇవన్నీ ఒక ఎత్తు. మాస్టారు తన బండిని తన కళ్లతో చూడడం మరో ఎత్తు. దాని బదులు విప్పి తీసేసిన పాత పిస్టన్, రింగులు, పాయింట్లను కడిగి ఆరబెట్టి, పేర్లు రాసి పంపి, సభలో బల్ల మీద పెడితే అక్కడి పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. కార్బురేటరును మాత్రం సామానులో పెట్టవద్దు, పెట్రోలు జాడ ఉన్న వస్తువును విమానంలోకి రానివ్వరు. సభ అక్కడ ఉదయం 11 గంటలకు మొదలైతే ఇక్కడ సాయంత్రం 4:30 అవుతుంది. నల్లగొండ గడియారం చౌరస్తాలో మాస్టారి చేత కిక్ కొట్టించి, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దాకా నడిపి, పొద్దుగూకేలోపు అదంతా వీడియోలో ప్రత్యక్షంగా చూపించవచ్చు.

ఆదివారం ఉదయం ఇంజను దించుతాం. లేత్ పని తెలిసినవారు ఇద్దరు రావాలి.

సోమవారం చేర్చిన మాట: ఇంజను విప్పాము. పిస్టన్ నెత్తిన 65.50 అని ఉంది, సిలిండరు లోపలి అసలు వ్యాసం (బోరు) 65 మిల్లీమీటర్లు కాబట్టి, దాన్ని పెద్దది చేసే బోరింగు ఇంతకుముందే చేయించినట్టు తేలింది. సిలిండరులో గీతలు లోతుగా లేవు, 65.75 పిస్టన్‌తో సరిపోతుందని మెకానిక్ చెప్పారు. పిస్టన్ చేతికి వచ్చాకే దాని కొలతకు బోరింగు చేయిస్తాం. యెజ్డీకి మూలమైన చెక్ దేశపు జావా 250 పిస్టన్లు అక్కడ దొరుకుతాయన్న, బ్రిటన్‌లో లెస్టర్ ఊళ్లో ఉన్న అన్నగారు, పిన్ను వ్యాసం, స్కర్టు ఆకారం మన కొలతలతో కలుస్తున్నాయో లేదో అమ్మేవారిని అడిగి గురువారంలోగా చెప్పగలరు. కొలతలు రాసిన కాగితం ఫొటో మీకు ఇప్పుడే పంపుతున్నాను.