అప్‌డేట్: ఎయిర్ రైఫిల్‌లో ఇరుక్కున్న స్క్రూ బయటికొచ్చింది

పోయిన వారం అడిగాను కదా, మా అమ్మాయి 10 మీటర్ల షూటింగ్ పోటీలకి వాడే ఎయిర్ రైఫిల్‌లో, గురి చూసే ముందువైపు సైట్‌ని పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) రావట్లేదని, అలెన్ కీ (ఆరు పలకల తాళం) తిప్పితే లోపలే జారిపోతోందని. వచ్చేసింది!

తప్పు నాదే. అది ఎం4 (4 మి.మీ. మందం) స్క్రూ, దానికి 2 మి.మీ. కీ కావాలి. నేను అరిగిపోయిన పాత కీ పెట్టి బలమంతా చూపించాను. దాంతో లోపలి ఆరు మూలలూ గుండ్రంగా అరిగిపోయాయి. పైగా ఎవరో అంతకుముందు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవ్వకుండా పూసే జిగురు) దట్టంగా పూశారు.

డ్రిల్ చేద్దామనుకున్నాను, మీలో ఇద్దరు వద్దన్నారు. బతికించారు. ముందు గాలి సిలిండర్ విప్పి దూరంగా పెట్టాను (నిండుగా ఉంటే అందులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, దాని దగ్గర వేడి పెట్టే పనే లేదు). బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూశాను. తర్వాత ఆ జిగురు మెత్తబడాలని సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ గుంటలో ఐదు నిమిషాలు ఆనించాను. కాస్త పొగ, ఘాటు వాసన. వేడి తగ్గకముందే టీ8 టార్క్స్ బిట్‌ని (నక్షత్రం ఆకారపు మొన ఉన్నది) చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి దింపాను. ఆ బిట్ 2 మి.మీ. గుంటకంటే ఒక వెంట్రుకవాసి పెద్దది, అందుకే పట్టేసింది. నెమ్మదిగా తిప్పితే 'టిక్' మని కదిలింది. ఆ చప్పుడికి ప్రాణం లేచొచ్చింది.

కొత్త స్క్రూ వేశాను, ఈసారి థ్రెడ్ లాకర్ ఒక్క చుక్కే. సైట్ మళ్లీ సరిచూసుకోవాలని అమ్మాయి ఇంకా సణుగుతోంది.