ఓ/డి (ఓవర్‌డ్రైవ్) లైటు మిణుకుతుంటే ముందు గేర్‌బాక్సు దించాలా, వైరింగ్ చూడాలా?

కొత్తపేట కుర్రోడు:
బండి 1997 ప్రాడో, 90 సిరీస్, డీజిల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. తిరుగుడంతా రొయ్యల చెరువు గట్ల మీద, అప్పుడప్పుడు అంతర్వేది ఇసకలో. ఓ ఇరవై నిమిషాలు నడిచాక "ఓ/డి ఆఫ్" లైటు మిణుకుతుంది. ఇక అప్పట్నుంచి ఆగి కదిలిన ప్రతిసారీ బరువుగా లేస్తుంది, మూడో గేర్లో లాగినట్టు. తాళం తీసి మళ్లీ వేస్తే కాసేపు మామూలే. మొన్న ఇసకలో "ఏ/టీ ఆయిల్ టెంప్" (గేర్‌బాక్సు ఆయిల్ వేడెక్కిందని చెప్పే) లైటు కూడా వెలిగింది. షెడ్డులో బాక్సు దించాలంటున్నారు. దించాల్సిందేనా? ఆ టెంప్ లైటు వెలిగినప్పుడు ఇంజిన్ ఆపెయ్యాలా, నడవనివ్వాలా?

స్పానర్ సెట్టు:
దించాల్సిందేనండి. వేడెక్కాకే వస్తోందంటే లోపల సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. వేడికి ఆయిల్ పల్చబడి అరిగిన చోటల్లా జారిపోతుంది, ప్రెజర్ పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు పట్టవు. లైట్ల చుట్టూ రెండు నెలలు తిరిగేకంటే కిట్టు తెప్పించి ఒకేసారి ఓవర్‌హాల్ చేయించుకోవడం నయం. టెంప్ లైటు వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపెయ్యండి, అందులో ఆలోచించేదేముంది?

పచ్చ చిలుము:
స్పానర్ గారూ, సీళ్లు కారితే ఆ లైటు మిణకదండి. ఆ తరం కంప్యూటర్ ప్లేట్లు జారుతున్నాయో లేదో చూడదు. అది చూసేది సోలినాయిడ్లకు (కరెంటుతో ఆయిల్ దారి మార్చి గేర్లు వేసే చిన్న వాల్వులు) కరెంటు వెళ్తోందా, స్పీడ్ సెన్సర్ల నుంచి సిగ్నల్ వస్తోందా అన్నదే. లైటు మిణుకుతోందంటే ఫిర్యాదు కరెంటు వైపు నుంచి వస్తున్నట్టు. (మిణకకుండా నిలకడగా వెలిగితే అది అసలు లోపమే కాదు. గేర్ లివర్ మీది ఓ/డి బటన్ ఆఫ్‌లో ఉంటుంది, అంతే. దానికి కూడా బాక్సు దించినవాళ్లున్నారు.)

ఇంకో సంగతి. కుర్రోడు గారు చెప్పిన లక్షణంలోనే జవాబు సగం ఉంది. ఈ బాక్సులో మొదటి గేరుకి 1వ సోలినాయిడ్ ఆన్, 2వది ఆఫ్. రెండో గేరుకి రెండూ ఆన్. మూడుకి 1 ఆఫ్, 2 ఆన్. ఓవర్‌డ్రైవ్‌కి, అంటే నాలుగో గేరుకి, రెండూ ఆఫ్. 1వ సోలినాయిడ్ తీగ తెగిందనుకోండి, మొదటి గేరు ఇవ్వలేక కంప్యూటర్ 2వదాన్ని ఆన్ చేసి మూడులో నడిపిస్తుంది. అందుకే బరువుగా లేవడం. అదే 2వది పోతే కదలడం మామూలుగా కదిలి, తర్వాత ఉన్నట్టుండి ఓవర్‌డ్రైవ్‌లోకి దూకి ఆర్‌పీఎమ్ చచ్చిపోతుంది. నా లెక్కన కంప్యూటర్ అడిగితే మీకు కోడ్ 62 వస్తుంది, అంటే 1వ సోలినాయిడ్.

కోడ్ చదవడానికి స్కానర్ అక్కర్లేదు. బానెట్ కింద "డయాగ్నోసిస్" అని రాసిన మూత తీస్తే టీఈ1, ఈ1 అని రెండు రంధ్రాలుంటాయి. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్, ఓ/డి బటన్ ఆన్‌లో ఉంచి ఆ రెండింటినీ చిన్న తీగముక్కతో కలపండి. ఆ డబ్బా లేకపోతే స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్లో 13, 4 కలపాలి. పక్కనున్న ప్లస్ బి రంధ్రంలో గుచ్చారా, ఫ్యూజు ఎగిరిపోతుంది, చూసుకోండి మరి. లైటు ఆగకుండా సమంగా కొట్టుకుంటే కోడ్ లేనట్టు. ఆరుసార్లు వెలిగి, చిన్న విరామం ఇచ్చి, రెండుసార్లు వెలిగితే 62. మిగతావి: 42, 61 స్పీడ్ సెన్సర్లు, 63 రెండో సోలినాయిడ్, 64 లాకప్ (ఇంజిన్‌నీ బాక్సునీ నేరుగా బిగించే క్లచ్) సోలినాయిడ్. 64 కి లైటు మిణకదు, కోడ్ మాత్రం లోపల దాక్కుని ఉంటుంది. 61 ఒక్కటే వస్తే బండి మామూలుగానే నడుస్తుంది, ఎందుకంటే 42 తాలూకు సెన్సర్ దాని పని చేసిపెడుతుంది.

స్పానర్ సెట్టు:
కోడ్ 62 వచ్చినంత మాత్రాన తప్పు వైరుదే అంటే ఎలాగండి? సోలినాయిడ్ ఉండేది పాన్ (బాక్సు కింది ఆయిల్ తొట్టి) లోపల, వాల్వ్ బాడీ (ఆయిల్‌ని గేర్లకు పంచే దిమ్మ) మీద. అది చూడాలన్నా పాన్ విప్పాలిగా. పైగా మురికికి సోలినాయిడ్ లోపలి పిన్ను బిగుసుకుపోతే కరెంటు సరిగ్గానే వెళ్తుంది, గేరు మాత్రం పడదు, కోడూ రాదు.

గట్టు దారి:
పాన్ విప్పడం వేరు, బాక్సు దించడం వేరు, గురువు గారూ. రెండూ ఒకే గాటన కట్టొద్దు.

మీరన్న బిగుసుకుపోవడం నిజమే, ఉంటుంది. దాన్ని తేల్చడానికి ఓ పరీక్ష ఉంది. బాక్సు పక్కనున్న సోలినాయిడ్ కనెక్టర్ పీకేసి ఖాళీ రోడ్డు మీద నడపండి. కరెంటు అసలు లేనప్పుడు లివర్ డి లో ఓవర్‌డ్రైవ్, 2 లో మూడో గేరు, ఎల్ లో మొదటి గేరు పడాలి. మూడూ శుభ్రంగా పడ్డాయంటే క్లచ్‌లు, పంపు, వాల్వ్ బాడీ చాలావరకు బాగున్నట్టే, తప్పు కరెంటుది. పడలేదంటే స్పానర్ గారి మాటే నెగ్గుతుంది.

దానికి తోడు వాచీ పెట్టి ఇంకోటి. ఆయిల్ వేడిగా ఉండగా హ్యాండ్‌బ్రేక్ లాగి, ఐడిలింగ్‌లో ఎన్ నుంచి డి కి వేసి బండి కుదుపు తగిలేదాకా లెక్కపెట్టండి. 1.2 సెకన్ల లోపు రావాలి. ఆర్ కి 1.5 లోపు. నిమిషం గ్యాప్‌తో మూడుసార్లు చేసి సగటు చూడండి. అంతకు మించితే లైన్ ప్రెజర్ తక్కువ. అప్పుడు కూడా ముందు చూడాల్సింది థ్రాటిల్ కేబుల్ (యాక్సిలరేటర్‌తో పాటు కదిలి బాక్సులో ప్రెజర్ పెంచేది): యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ మీది ముద్రకీ బూటు చివరకీ మధ్య 0 నుంచి 1 మి.మీ. ఉండాలి. ఉప్పుగాలికి కేబుల్ లోపల తుప్పుపట్టి సగంలో ఆగితే ప్రెజర్ పెరగదు, ప్లేట్లు కాలతాయి, నింద బాక్సు మీద పడుతుంది. స్టాల్ టెస్ట్ (బ్రేకు తొక్కిపట్టి, గేర్లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం) మాత్రం తడి గట్టు మీద ఎవరూ చెయ్యకండి, బండి చెరువులో ఉంటుంది.

లంకల బండి:
టెంప్ లైటు సంగతి ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. ఇంజిన్ ఆపొద్దు. బాక్సులో పంపుని తిప్పేది ఇంజినే. అది ఆగితే కూలర్లోకి ఆయిల్ వెళ్లదు, కన్వర్టర్లోని (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్సుకి అందించే భాగం) వేడి అక్కడే మరుగుతుంది. బండి ఆపి, పి లో వేసి, ఇంజిన్ నడుస్తుండగా లైటు ఆరేదాకా నిలబడాలి.

లైటు వెలిగేది సుమారు 150 డిగ్రీల దగ్గర. ఇసకలో హై రేంజ్‌లో నెమ్మదిగా తోస్తుంటే లాకప్ పడదు, కన్వర్టర్ లోపల ఆయిల్‌ని ఆయిలే చిలుకుతూ వేడెక్కిపోతుంది. ఎల్4 (లో రేంజ్ ఫోర్‌వీల్) లో వేసి టైర్ల గాలి తగ్గిస్తే సగం రోగం అక్కడే పోతుంది.

స్పానర్ సెట్టు:
మరి ఇంజిన్ టెంపరేచర్ ముల్లు కూడా ఎర్రలోకి వెళ్తే? అప్పుడూ నడవనివ్వాలా?

లంకల బండి:
అదొక్కటే మినహాయింపు, ఒప్పుకుంటా. బాక్సు కూలర్ ఉండేది రేడియేటర్ కింది ట్యాంకులోనే. రేడియేటరే మరుగుతుంటే లేదా ఫ్యాను బెల్టు తెగితే ఆపెయ్యాల్సిందే. మన దగ్గర కాలవ దిగి ఎక్కిన బండ్లకి రేడియేటర్ ముందు బురద, గుర్రపుడెక్క వేర్లు, ఊక పేరుకుని ఉంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటకి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగండి. ఎదుటి నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది.

కుర్రోడు గారూ, డిప్‌స్టిక్ తీసి రంగు చూశారా? రాజమండ్రి రోజ్ మిల్క్ రంగులో ఉంటే మాత్రం బండి కదపకండి. నీళ్లు కలిశాయి. ఎక్కణ్నుంచో తేల్చడానికి కూలెంట్ డబ్బా మూత తీయండి. అందులో ఎర్రటి జిడ్డు తేలుతుంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడింది. ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెజర్ ఎక్కువ కాబట్టి ఆయిల్ కూలెంట్లోకి, ఆపాక రేడియేటర్లో ఒత్తిడి మిగులుతుంది కాబట్టి కూలెంట్ ఆయిల్లోకి. కూలెంట్ శుభ్రంగా ఉంటే నీళ్లు బ్రీదర్ గొట్టం (బాక్సుకి గాలి ఆడే గొట్టం) నుంచి వచ్చాయి: వేడి బాక్సు చల్లటి కాలవ నీళ్లలో మునగ్గానే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది. కూలెంట్ కలిసిందంటే ప్లేట్ల లైనింగ్ అంటించిన జిగురు ఊడుతుంది. ఆ ఒక్క సందర్భంలో ఓవర్‌హాల్ అంటే నేను అడ్డుచెప్పను.

గట్టు దారి:
ఆయిల్ మార్చేవాళ్లకి చిన్న లెక్క. ప్లగ్ తీస్తే దిగేది దాదాపు 2 లీటర్లే, మిగతాది కన్వర్టర్లో, గొట్టాల్లో ఉంటుంది. మొత్తం 10 అనుకుంటే మూడుసార్లు దించి పోసినా పాతది సగం మిగిలే ఉంటుంది. కూలర్ రిటర్న్ గొట్టం తీసి, ఇంజిన్ నడుపుతూ లీటరు బయటకి, లీటరు లోపలికి పోసుకుంటూ పోవాలి. ఈ బాక్సుకి డెక్స్‌రాన్ 3 రకం. కొత్త టయోటాల డబ్ల్యూఎస్ ఆయిల్ పల్చన, పొయ్యొద్దు. లెవెల్ చూసేది ఆయిల్ వేడిగా, ఇంజిన్ నడుస్తుండగా, సమతలం మీద. గట్టు వాలులో చూసిన లెవెల్ లెవెలే కాదు.

కొత్తపేట కుర్రోడు:
ఆయ్, చూశానండి. కోడ్ 62. ఆయిల్ ఎర్రగానే ఉంది, కాలిన వాసన లేదు. కనెక్టర్ పీకి నడిపితే మూడు గేర్లూ పడ్డాయి. బాక్సు వైపు పిన్నుకీ బాడీకీ మధ్య చల్లగా 13 ఓంలు, వేడిగా 16. మాన్యువల్లో 11 నుంచి 15 అనుంది. ఆ 16 తోనే భయమేస్తోంది.

పచ్చ చిలుము:
భయం లేదు. ఆ కొలత చల్లని బాక్సుకి. రాగి తీగకి డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలు ఎక్కితే 13 కాస్తా 16 అవుతుంది. సోలినాయిడ్ బాగుంది. ఇప్పుడు కనెక్టర్ తగిలించి, వేడి మీదే, కంప్యూటర్ చివర నుంచి కొలవండి.

కొత్తపేట కుర్రోడు:
అక్కడ ఓపెన్ (తీగ తెగినట్టు) చూపిస్తోంది. వైరు కదిపితే 16 వచ్చి పోతోంది. కనెక్టర్ లోపల ఒక పిన్ను పచ్చగా ఉంది.

స్పానర్ సెట్టు:
సరే, ఈసారికి వైరే. ఆ పిన్ను గీకి వదిలెయ్యకండి, నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. చిలుము తీగ లోపలికి కూడా పాకుతుంది. రాగి మెరిసేదాకా వెనక్కి కోసి కొత్త పిన్ను క్రింప్ చెయ్యండి, రబ్బరు సీలు మార్చండి. మిగతా పిన్నులూ ఒకసారి లాగి చూడండి.

పచ్చ చిలుము:
సీలు మీద సిలికాన్ పూసేటట్టయితే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, ఆరేటప్పుడు దాని ఆమ్లమే రాగిని తింటుంది. డైఎలెక్ట్రిక్ గ్రీజు చాలు. తర్వాత ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజు పది సెకన్లకు పైన తీసి పెట్టండి, 62 చెరుగుతుంది. ఇరవై నిమిషాలు కాదు, గంట నడిపి మళ్లీ టీఈ1, ఈ1 కలిపి చూడండి.