గోల్ఫ్ షాఫ్టు (కర్ర కాడ) మీద 'ఎస్' అని ఉంటే ఎంత గట్టిది?

బ్రాడీపేట 4వ లైను:
అన్నయ్యలూ, గుంటూరు నుంచి డాలస్‌కి కొత్తగా వచ్చాను. ఆఫీసువాళ్లతో గోల్ఫ్ మొదలైంది. సెకండ్‌హ్యాండ్ డ్రైవర్లలో (బంతిని దూరం కొట్టే పెద్ద కర్రలు) ఒకదాని షాఫ్టు మీద 'ఆర్', ఇంకోదాని మీద '6.0', మరోదాని మీద 'ఎఫ్3' అని ఉంది. నా స్వింగు స్పీడు గంటకి 92 మైళ్లు. ఏది తీసుకోను?

బెంజిసర్కిల్:
తమ్ముడూ, ఆ అక్షరం చూసి డబ్బులు పెట్టకు. ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్: మెత్తనిదాన్నుంచి గట్టిదానికి వరస ఇదే. కానీ ఎంత వంగితే ఆర్, ఎంత వంగితే ఎస్ అనేదానికి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలతంటూ లేదు. బీసెంట్ రోడ్డులో ఒక కొట్లో 40 చొక్కా పట్టినవాడికి పక్క కొట్లో 42 కావాల్సొస్తుంది చూడు, అలా. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత గట్టిగా ఉండొచ్చు.

నువ్వు చూసిన 6.0 ప్రాజెక్ట్ ఎక్స్ అనే షాఫ్టు బ్రాండుదైతే సుమారుగా ఎస్ అనుకో, 5.5 ఆర్‌కి దగ్గర. ఎఫ్3 యూఎస్‌టీ మామియా కంపెనీదైతే వాళ్ల లెక్కలో ఆర్. ఫుజికురా కంపెనీ వెంటస్ షాఫ్టు మీద '6ఎస్' కనిపిస్తే ఆ 6 గట్టిదనం కాదు, 60 గ్రాముల తరగతి. 85 నుంచి 95 మైళ్లకి ఆర్ అని చార్టులు చెప్తాయి కాబట్టి ఆర్‌తో మొదలుపెట్టు.

అరండల్‌పేట:
చార్టు ఒక్కటే చాలదు. పైనుంచి దిగేటప్పుడు ఒక్కసారిగా లాగేవాడికి 92లోనూ ఎస్ నప్పొచ్చు, నిదానంగా దిగేవాడికి 97లోనూ ఆర్ చాలు. ఫిట్టింగ్ షాపులో ఫ్రీక్వెన్సీ మెషీన్ మీద పెట్టించు. గ్రిప్పు వైపు 5 అంగుళాలు బిగించి, కొసకి, అంటే బంతిని కొట్టే హెడ్ ఉండే వైపు, బరువు తగిలించి, లాగి వదిలితే నిమిషానికి ఎన్నిసార్లు ఊగిందో చూపిస్తుంది. అంకె పెరిగితే గట్టిది. పొడవు, బిగింపు, కొస బరువు ఏది మారినా అంకె మారిపోతుంది, అందుకని నీకు నచ్చినవన్నీ ఒకే మెషీన్ మీద, ఒకే పొడవులో కొలిపించు. ఇంకోటి: ఆ అంకె ఎక్కువగా గ్రిప్పు వైపు సంగతే చెప్తుంది. రెండు షాఫ్టులూ 250 చూపించినా, కొస మెత్తగా ఉన్నది మామూలుగా బంతిని పైకి లేపుతుంది.

సెకండ్‌హ్యాండ్ అన్నావు కాబట్టి కొస ఎంత కోశారో తప్పకుండా అడుగు. కొసలో అంగుళం కోసినా షాఫ్టు గట్టిపడుతుంది, లేబుల్ మాత్రం అదే ఉంటుంది. కోసింది మళ్లీ అతకదు. అడాప్టర్ (షాఫ్టుని హెడ్‌కి బిగించే ముక్క) కూడా చూసుకో, ఒక కంపెనీది ఇంకో కంపెనీ హెడ్‌కి ఎక్కదు.

బ్రాడీపేట 4వ లైను:
చాలా థాంక్స్ అన్నయ్యా. బెజవాడ నుంచి మా బాబాయి జపాన్ డ్రైవర్ తెమ్మంటున్నారు, ఎస్ కావాలట.

బెంజిసర్కిల్:
ఆగు. జపాన్ మార్కెట్‌కి చేసిన ఎస్ సాధారణంగా ఇక్కడి ఎస్ కంటే మెత్తన, తేలిక కూడా. అక్కడ ఆర్‌కీ ఎస్‌కీ మధ్య 'ఎస్ఆర్' అని ఇంకోటి ఉంటుంది. బాబాయిగారు ఇప్పుడు వాడుతున్న డ్రైవర్ షాఫ్టుని చుట్టూ తిప్పి ఫోటోలు తీయించి పంపమను: మోడల్ పేరు, గ్రాములు, టార్క్ (షాఫ్టు ఎంత మెలితిరుగుతుందో) డిగ్రీలు, ఏది రాసుంటే అది. టేపుతో పొడవు కూడా కొలవమను. దానితో బంతి ఎత్తుగా లేచి ఎడమకి పోతోందా, కిందగా కుడికి పోతోందా అడుగు. ఆయన కుడిచేతి ఆటగాడైతే మొదటిది షాఫ్టు మెత్తనైందనడానికి, రెండోది గట్టిదైందనడానికి గుర్తు కావచ్చు. అవి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాం.