సేఫా ఉతాకి, కుదాకా దీవి చూసినవాళ్లున్నారా?

దీవులపిచ్చి: టోక్యోలో ఉంటాం. వచ్చే నెల ఒకినావా వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తోంది. ఏదైనా గుడి చూపించమని ఒకటే గోల. సేఫా ఉతాకి గుడి లాంటిదేనా?

కాలినడక: గుడి కాదండీ. గోపురం లేదు, విగ్రహం లేదు. అడవి, సున్నపురాయి బండలు, అంతే. ఒకప్పటి ఒకినావా రాజ్యమైన ర్యూక్యూ వాళ్లకు దేవుడు దిగే చోటే పవిత్రం, దాన్నే ఉతాకి అంటారు. మన పొలిమేరలో చెట్టు కింద రాయిని మొక్కినట్టు అని చెప్పండి, కాకపోతే ఇక్కడ బొట్టు కూడా ఉండదు. లోపల పైనుంచి వేలాడే రెండు రాతి కొనల నుంచి నీళ్లు కారుతుంటాయి, కింద రెండు కుండలు. ఒక చుక్క పడ్డాక రెండోది పడేదాకా అక్కడే నిలబడిపోయాను.

వానచినుకు: ఒకప్పుడు మగవాళ్లకు అక్కడ ప్రవేశమే లేదు! పూజలన్నీ ఆడవాళ్లవే. ప్రధాన పూజారిణి కికోయె ఓగిమి, అంటే రాజుగారి అక్కో చెల్లెలో దగ్గరి బంధువో, ఆ పదవి చేపట్టే వేడుక ఇక్కడే. దానికి ఎదురుగా సముద్రంలో ఉన్న కుదాకా దీవి నుంచి తెల్ల ఇసుక తెచ్చి పరిచేవారట. 2000లో యునెస్కో జాబితాకెక్కింది. రాళ్ల దారి తడిస్తే జారుతుంది, అమ్మగారి మోకాళ్లు జాగ్రత్త. చాంద్రమానం ప్రకారం ఏడాదిలో కొన్ని రోజులు మూసేస్తారు, ముందే చూసుకోండి.

ఉప్పుగాలి: కుదాకాకు అజామా రేవు నుంచి పడవ. అక్కడి ఫుబో ఉతాకిలోకి ఎవరికీ ప్రవేశం లేదు. చెట్లలోకి పోయే సన్నని దారి, ముందు ఒక బోర్డు. అక్కడితో ఆగిపోవాలి. నేను బుద్ధి లేక ఒడ్డున పగడపు ముక్క ఒకటి జేబులో వేసుకున్నా. బస చేసిన ఇంటావిడ చూసి, దీవి నుంచి రాయి కూడా పట్టుకెళ్లకూడదంది. చీకట్లో టార్చి పట్టుకుని వెళ్లి, తీసిన చోటే పెట్టొచ్చా. సిగ్గేసింది.

వానచినుకు: పన్నెండేళ్లకోసారి, చైనా పంచాంగంలో గుర్రం పేరున్న ఏడాదిలో, కుదాకా ఆడవాళ్లను పూజలోకి చేర్చుకునే ఇజాయిహో అనే వేడుక జరిగేది. చివరిది 1978లో. తర్వాత చేసే మనుషులే చాలక ఆగిపోయింది.

కాలినడక: ర్యూక్యూ రాజులుండిన షురి కోట దగ్గర సొనోహ్యాన్ ఉతాకి కూడా చూడండి. 1519 నాటి రాతి ద్వారం, యుద్ధంలో దెబ్బతింటే మళ్లీ కట్టారు. అందరూ ద్వారానికి ఫొటో తీసి వెళ్లిపోతారు. అసలు చోటు వెనకున్న చెట్ల గుంపు.

దీవులపిచ్చి: అమ్మకు అంతా చదివి వినిపించా. "మరి కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి?" అంటోంది.

ఉప్పుగాలి: కొట్టొద్దని చెప్పండి బాబూ! ఒకచోట స్థానికులే అగరుబత్తి ముట్టించకుండా ఊరికే పెట్టి దణ్ణం పెట్టుకోవడం చూశా.