షెడ్డు కింద స్కంక్, పెరట్లో రెండు కుక్కలు: బోను పెట్టాలా, కన్నం మూయాలా?

రెండెకరాలు:
టెక్సాస్, ఎల్లిస్ కౌంటీ. ఊరి హద్దుకి బయట రెండెకరాల స్థలం. పెరట్లో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న చెక్క షెడ్డు, సిమెంటు దిమ్మెల మీద ఉంది. దాని కింద చారల స్కంక్ చేరింది (పిల్లి అంత ఉండే తెల్లచారల నల్ల జంతువు, బెదిరితే తోక కింద నుంచి భరించలేని కంపు ద్రవం చిమ్ముతుంది). కన్నం అయిదంగుళాలు. రెండు కుక్కలు: ఒకటి లాబ్రడార్, ఒకటి హీలర్ (పశువుల్ని తోలే జాతి). రెండింటికీ రేబిస్ టీకా గడువులోనే ఉంది. ఇప్పుడు మే రెండో వారం. జూన్‌లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు, తెల్లవారుజామున లేచి పెరట్లో నడిచే మనుషులు. బోను పెట్టి వదిలించుకోమని కొందరు, దానంతటది పోయాక కన్నం మూయమని కొందరు అంటున్నారు. కారణాలతో చెప్పండి.

నవారో రైతు:
బోను పెట్టండి. టెక్సాస్‌లో రేబిస్ ఎక్కువగా బయటపడేది గబ్బిలాల్లో, స్కంకుల్లో. కుక్కలు, పెద్దవాళ్లు తిరిగే చోట దాన్ని ఉండనివ్వడం నాకు సమ్మతం కాదు. మన స్థలంలో ఇబ్బంది పెడుతున్న స్కంక్‌ని తీసేయడానికి ఈ రాష్ట్రంలో స్థలం యజమానికి వేట లైసెన్సు అక్కర్లేదు. దాని తోలు దగ్గర ఉంచుకోకూడదు, అమ్ముకోకూడదు, అంతే.

బోను 7 అంగుళాల వెడల్పు, 7 ఎత్తు, 24 పొడవు ఉంటే చాలు. చుట్టూ మూసి ఉండే ప్లాస్టిక్ గొట్టం బోనులు ఇంకా మేలు. లోపల తోక ఎత్తే చోటు ఉండదు కాబట్టి చిమ్మడం తక్కువ, దానికి మనం కనపడం కూడా. తీగ బోనైతే పెట్టేముందే పాత దుప్పటి కప్పాలి, పట్టాక కప్పబోతే చిమ్ముతుంది. ఎరగా చేపల వాసనున్న పిల్లి తిండి పెడితే పక్కింటి పిల్లి పడుతుంది, మీ లాబ్రడార్ మూతి దూరుస్తుంది. మార్ష్‌మాలో మీద చెంచాడు వేరుశనగ బటర్ పూసి పెట్టండి. సాయంత్రం తెరిచి, పొద్దెక్కకముందే చూడాలి. ఎండలో ఇనుప బోనులో జంతువుని వదిలేయడం పాపం.

కంచె మేస్త్రీ:
నవారో గారు పట్టడం వరకూ వివరంగా చెప్పారు. పట్టాక ఏం చేయాలో చెప్పలేదు. అసలు చిక్కంతా అక్కడుంది.

పట్టిన స్కంక్‌ని కారులో పెట్టుకుని పది మైళ్ల అవతల వదలడం టెక్సాస్‌లో చట్టవిరుద్ధం. రేబిస్ వల్ల స్కంకులు, నక్కలు, రకూన్లు, కయోటీలు (తోడేలు లాంటి అడవి జంతువులు), గబ్బిలాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించడం మీద రాష్ట్రమంతా నిషేధం ఉంది. అంటే బోను పెట్టినవాడికి మిగిలేవి రెండే దారులు: అక్కడే వదలాలి, లేదా చంపాలి. చంపేటప్పుడు చాలాసార్లు చిమ్ముతుంది, ఆ వాసన షెడ్డుకి వారాల తరబడి పట్టి ఉంటుంది. ఇంత చేసినా కన్నం తెరిచే ఉంటే ఇంకో స్కంకో, అపోసమో (పెద్ద ఎలకలా ఉండే జంతువు) అందులోకి వస్తుంది. ఖాళీ కన్నానికి అద్దెకు రావడానికి అవి వరసలో ఉంటాయి.

పైగా నెల చూడండి. ఫిబ్రవరి, మార్చిలో జతకడతాయి, సుమారు రెండు నెలల గర్భం. మే నెలలో షెడ్డు కింద ఆడ స్కంక్ ఉందంటే నాలుగైదు పిల్లలు కూడా ఉన్నాయని అనుకోవాలి. తల్లిని చంపితే పిల్లలు అక్కడే చస్తాయి. ఆ కుళ్లు వాసనకి మీ కుక్కలు షెడ్డుని తవ్వేస్తాయి, ఈగలు వేరే.

నవారో రైతు:
పిల్లల మాట ఒప్పుకుంటాను. చట్టం మాటా నిజమే, అందుకే పట్టడంతో పాటు చంపడానికీ సిద్ధమైతేనే బోను జోలికి పోవాలి, లేకపోతే లైసెన్సున్న పట్టేవాళ్లని పిలవాలి. అయినా పిల్లలు పెరిగి పోయేదాకా, అంటే జులై దాకా ఆగితే, ఆలోపు వాళ్ల నాన్నగారు చీకట్లో దాని మీద కాలు వేస్తే? నా మొదటి లెక్క మనిషి ప్రాణం.

పశువైద్యం:
కుక్కల మాట చెప్తాను. పై ఇద్దరూ ఇంతవరకు దాన్ని వదిలేశారు.

టీకా ఉన్న కుక్కకి స్కంక్‌తో పెనుగులాట జరిగితే టెక్సాస్ నియమం: వెంటనే ఇంకో రేబిస్ టీకా, 45 రోజులు కట్టడి. టీకా లేని కుక్కకైతే చంపించడమే మొదటి మాట. లేదంటే వెంటనే టీకా, మూడో వారం, ఎనిమిదో వారం మళ్లీ టీకాలు, 90 రోజుల కట్టడి. కాబట్టి టీకా కాగితం మీద గడువు తేదీ ఈ రోజే చూసుకోండి. డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ టీకాలు కూడా ఉండాలి, స్కంకులు రెండింటినీ మోస్తాయి.

కుక్క స్కంక్‌ని చంపేస్తే ఒట్టి చేతులతో కుక్కని కూడా ముట్టుకోకండి, దాని బొచ్చు మీద లాలాజలం ఉంటుంది. చేతి తొడుగులు వేసుకుని, చచ్చినదాన్ని రెండు సంచుల్లో కట్టి చల్లగా ఉంచి జంతు నియంత్రణ వాళ్లకి ఫోన్ చేయండి. పరీక్షకి మెదడు కావాలి, అందుకని తల మీద కాల్చకూడదు, గడ్డకట్టించకూడదు. ఐసు ముక్కల మధ్య పెట్టండి, ఫ్రీజరులో వద్దు.

మనిషిని కరిస్తే గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గతంలో టీకా తీసుకోని వాళ్లకి ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే ఎదుర్కొనే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్) ఒకసారి, టీకా నాలుగుసార్లు: ఆ రోజు, 3వ, 7వ, 14వ రోజున. మన ఊళ్లలో రేబిస్ అంటే వీధికుక్క అన్న లెక్క పెద్దవాళ్లకి బాగా తెలుసు. ఇక్కడ ఆ స్థానంలో తెల్లచారల నల్ల జంతువుందని వాళ్లకి ఫొటో చూపించి చెప్పండి.

ఇంకో సంగతి. పగలు కనబడిందని పిచ్చిదని అనుకోకండి, పాలిచ్చే తల్లి ఆకలికి పగలు కూడా తిరుగుతుంది. తూలడం, ఒకే చోట గుండ్రంగా తిరగడం, మనిషి మీదికి రావడం ప్రమాద సూచనలు. అలాంటిది కనబడితే మాత్రం నవారో గారి మాటే నా మాట, నెల చూడకండి.

రెండెకరాలు:
కుక్క మీద చిమ్మితే ఏం చేయాలి? టొమాటో రసం పోయమంటున్నారు.

పశువైద్యం:
పోయకండి. కాసేపటికి మన ముక్కు ఆ వాసనకి అలవాటు పడి, పైన టొమాటో వాసన మాత్రమే తెలుస్తుంది. కుక్క మీద చిమ్మినది అలాగే ఉంటుంది.

వాసనకి కారణం థయోల్స్ అనే గంధకపు పదార్థాలు. వాటిని ఆక్సీకరణ చేస్తేనే వాసన చస్తుంది. 1993లో పాల్ క్రెబామ్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పిన మిశ్రమం ఇప్పటికీ అన్నిటికన్నా మంచిది: 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక క్వార్ట్, అంటే సుమారు 950 మిల్లీలీటర్లు. వంటసోడా పావు కప్పు. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒకటి రెండు టీస్పూన్లు. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కకి సరిపోకపోతే ఒక క్వార్ట్ గోరువెచ్చని నీళ్లు కలపొచ్చు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ముందు కుక్కని హోస్ పైపుతో తడుపుతారు. తడపకండి. పొడి బొచ్చు మీదే మిశ్రమం పట్టించాలి, నీళ్లు ముందు పోస్తే ఆ నూనె ఒళ్లంతా పాకుతుంది. రబ్బరు తొడుగులతో చర్మం దాకా రుద్ది, 5 నిమిషాలు ఉంచి కడగండి. కళ్లలోకి, నోట్లోకి పోనివ్వకూడదు, ముఖానికి గుడ్డతో అద్దాలి. వంటసోడా బదులు బేకింగ్ పౌడర్ వేస్తే పని చేయదు. మిగిలినది సీసాలో మూత పెట్టి దాచారో, లోపల ఆక్సిజన్ పెరిగి సీసా పగులుతుంది, పారబోయండి. నల్ల బొచ్చు కాస్త గోధుమరంగుకి తిరగొచ్చు, అది సరేలెండి.

చిమ్మిన ద్రవంలో థయోఅసిటేట్లు కూడా ఉంటాయి. అవి తడి తగిలినప్పుడల్లా థయోల్స్‌గా మారతాయి, అందుకే వారం తర్వాత వానలో తడిసిన కుక్క మళ్లీ కంపు కొడుతుంది. అప్పుడు ఇంకోసారి పట్టించండి.

దగ్గర నుంచి ముఖం నిండా పడితే మూడు రోజులు చిగుళ్లు చూస్తూ ఉండండి. తెల్లబడినా, గోధుమరంగుకి తిరిగినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కుక్క నీరసించినా ఆ రాత్రికి రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎర్ర రక్తకణాలు పగిలే జబ్బు రావచ్చు. అరుదు, కానీ చంపేస్తుంది.

కంచె మేస్త్రీ:
ఇక నా పద్ధతి పూర్తిగా చెప్తాను, నవారో గారి భయానికి జవాబు కూడా అందులోనే ఉంది.

ముందు లోపల ఏముందో తేల్చండి. సాయంత్రం కన్నం ముందు రెండడుగుల మేర గోధుమపిండి పలచగా చల్లండి. పొద్దున అడుగులు బయటికే ఉన్నాయా, లోపలికీ ఉన్నాయా, చిన్న పాదాలు కూడా ఉన్నాయా చూడండి. చిన్నవి లేకపోతే పిల్లలు లేవని కాదు, ఇంకా నడవడం లేదనుకోవాలి.

పిల్లలున్నట్టు అనిపిస్తే కన్నం మూయొద్దు, బోను వద్దు, దాన్ని విసిగించండి. కన్నం దగ్గర పగలంతా రేడియో మాటలు, లోపలికి కొట్టే ఎల్ఈడీ దీపం. వెలుగూ మోతా పడక తల్లే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఇంకో గూటికి మోసుకుపోవచ్చు. జులై దాకా ఆగాల్సిన పని ఉండకపోవచ్చు. కదలకపోతే మాత్రం పిల్లలు తల్లి వెంట వరసగా బయటికి వచ్చేదాకా, అంటే సుమారు 8 వారాల వయసు దాకా, ఓపిక పట్టాల్సిందే.

నాఫ్తలీన్ గోళీలు వేయమనేవాళ్లుంటారు, వద్దు. ఆ పనికి వాడడం లేబుల్‌కి విరుద్ధం, కుక్క మింగితే విషం. కయోటీ మూత్రం అమ్ముతారు, డబ్బు దండగ.

తర్వాత ఒకవైపు తలుపు. అరంగుళం కన్నాల గాల్వనైజ్డ్ జాలీ, 19 గేజ్. కన్నం కన్నా పెద్ద ముక్కని పైఅంచు దగ్గర మాత్రమే బిగించి వేలాడదీయాలి. బయటికి తోస్తే తెరుచుకోవాలి, లోపలికి తోస్తే చెక్కకి ఆనుకుని ఆగాలి. మూడు రాత్రులు ఉంచండి. వాన రాత్రి లెక్కలోకి రాదు, అది బయటికే రాకపోవచ్చు. మళ్లీ పిండి చల్లి, అడుగులేవీ లేకపోతేనే మూయండి.

మూయడమంటే కన్నంలో రాళ్లు కుక్కడం కాదు. షెడ్డు నాలుగు వైపులా అడుగు లోతు కాలవ తవ్వి, జాలీని ఎల్ ఆకారంలో వంచి, అడుగుభాగం బయటివైపు అడుగు పొడవు పడుకునేలా వేసి మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లో తవ్వుతుంది, జాలీ తగిలి ఆగుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఊహ దానికి రాదు. మీ హీలర్ తవ్వినా ఇదే ఆపుతుంది. పైఅంచుకి స్టేపుల్స్ వద్దు, ఊడతాయి. ఆరంగుళాలకొక స్క్రూ, దానికి వెడల్పు వాషరు. కోళ్ల జాలీ వాడకండి, కుక్క పళ్లకే చిరుగుతుంది. తవ్వడానికి రెండు పనిదినాల ముందు 811కి ఫోన్ చేయాలి, గ్యాసు పైపులూ కేబుళ్లూ ఎక్కడున్నాయో వచ్చి గుర్తు పెడతారు.

మీ కౌంటీలో చాలాచోట్ల మన నల్లరేగడి లాంటి బంకమట్టే. ఆగస్టుకి నెర్రెలు విచ్చి, షెడ్డు అంచు దగ్గర మూడు వేళ్లు పట్టే సందు పడుతుంది. జాలీని లోతుకి దింపకుండా పైపైన పరిచినవాళ్ల పని అక్కడే చెడుతుంది. ఏటా వేసవి చివర ఒకసారి చుట్టూ నడిచి చూడాలి.

పచ్చిక:
అది మీ పెరట్లోకి ఎందుకు వస్తోందో ఎవరూ అడగలేదు. పచ్చికలో మూడు నాలుగంగుళాల గరాటు గుంటలు ఉన్నాయా? ఉంటే తెల్లని వేరుపురుగుల కోసం వస్తోంది. చదరపు అడుగు పచ్చిక ఎత్తి లెక్కపెట్టండి. అయిదారు మించి ఉంటే జూన్ చివర, జులైలో, పురుగు చిన్నగా ఉన్నప్పుడు మందు వేయాలి. అక్టోబరులో వేస్తే వృథా. కుక్కలున్నాయి కాబట్టి మేలుచేసే నులిపురుగుల మందు నయం, సాయంత్రం నీళ్లతో తడిపి వేయాలి, ఎండకి చస్తాయి.

కుక్కల తిండి గిన్నెలు రాత్రి బయట ఉంచకండి. కంపోస్టు కుప్పలో అన్నం, పప్పు, గుడ్డు పెంకులు వేసే అలవాటుంటే మూత బిగించే డబ్బాకి మార్చండి. పక్షుల గింజలు నేల మీద రాలితే రోజూ ఊడవండి. ఇవి చేయకుండా జాలీ వేస్తే అది ఏసీ దిమ్మె కిందికి మారుతుంది.

నవారో రైతు:
మేస్త్రీ గారు చెప్పిన విసిగించే పద్ధతి వారం రోజులు చేసి చూడమంటాను. తల్లి కదిలితే సరే. కదలకపోతే, పెద్దవాళ్లు వచ్చే లోపల షెడ్డు చుట్టూ పది అడుగుల దూరంలో తాత్కాలిక కుక్కల కంచె పెట్టి, అటు ఎవరూ పోకుండా చూడాలి. స్కంక్ గురి పది అడుగుల దాకా బాగుంటుంది, పదిహేను దాకా పడుతుంది. కంచె అడుగున ఆరంగుళాల సందు వదలండి, తల్లి రాకపోకలకి. జులై చివరికి కూడా పోకపోతే బోను తప్పదన్నది ఇప్పటికీ నా మాట.

పశువైద్యం:
ఒప్పుకుంటాను, ఒక్కటి కలుపుతాను. రాత్రి పదికి కుక్కల్ని వదిలేముందు పెరటి దీపం వేసి, తలుపు గట్టిగా రెండుసార్లు కొట్టి, రెండు నిమిషాలు ఆగండి. స్కంక్‌కి చూపు తక్కువ, తప్పుకోవడానికి వ్యవధి కావాలి. ఆరడుగుల తాడు మీదే తీసుకెళ్లండి. ముందుకాళ్లతో నేల తన్ని తోక ఎత్తిందంటే హెచ్చరిక. అప్పుడు అరవకుండా, పరుగెత్తకుండా కుక్కని వెనక్కి లాక్కోవాలి. నాన్నగారికీ ఇదే నేర్పండి, చేతికి టార్చి ఇచ్చి.

రెండెకరాలు:
ఈ రాత్రి పిండి చల్లుతున్నాను. 811కి రేపు పొద్దున ఫోన్ చేస్తాను. గోధుమపిండి బదులు బియ్యప్పిండి అయినా పరవాలేదా?

కంచె మేస్త్రీ:
పరవాలేదు, అడుగులు పడితే చాలు. చీమలు పడతాయి, పొద్దున చూడగానే ఊడ్చేయండి. కుక్కలు అటు పోకుండా కట్టేయండి, లేకపోతే రేపు మీకు కనబడేవి లాబ్రడార్ అడుగులే.